పొడి బయటపెట్టే గీతలు, పుస్తకంలో దాచిన గీతలు



ఈసారి రాసింది కాస్త పొడుగు. తీరికగా చదవండి. మనలో చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. బళ్లో తమిళమూ ఇంగ్లీషూ నేర్పారు, తెలుగు ఇంట్లో మాట్లాడుకుంటూ నిలబెట్టుకున్నాం. కాబట్టి చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు గట్టిగా చదివి వినిపించండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి, వాళ్లు ఇంట్లో చేసి చూడదగ్గ పని ఒకటి ఇందులో ఉంది.

విషయం వేలిముద్రలు. చదువుకోసం, ఉద్యోగంకోసం పిల్లలు చెన్నై, బెంగళూరు వెళ్లాక మన ఊళ్లలో తాళం వేసి ఉన్న ఇళ్లు ఎక్కువయ్యాయి. అలాంటి ఇంట్లో దొంగతనం జరిగితే పోలీసులతో పాటు చిన్న పెట్టె పట్టుకుని ఒక మనిషి వస్తాడు. బీరువా తలుపు మీద కుంచెతో ఏదో పొడి అద్దుతాడు. వీధి వీధంతా గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంది. అంతవరకు ఏమీ లేని చోట గీతలు గీతలుగా ఒక వేలి గుర్తు పైకి తేలుతుంది. అది ఎక్కడ దాక్కుని ఉండింది? పొడి దాన్ని ఎలా పట్టుకుంటుంది? ఈ విద్య ఎక్కడ పుట్టింది? దానిలో మన దేశానికి, మన తెలుగువాళ్లకు, మన పక్క జిల్లాకు ఉన్న సంబంధం ఏమిటి? ఇవన్నీ వరసగా చెప్పుకుందాం.

ముందు మన వేళ్లనే చూసుకుందాం. మన పెద్దవాళ్లు పుట్టిన బిడ్డ వేలికొసలు చూసి చక్రాలెన్ని, శంఖాలెన్ని అని లెక్కపెట్టేవాళ్లు. ఆ చక్రాలూ శంఖాలే పోలీసు పుస్తకాల్లో సుడులు, ఉచ్చులు అనే పేర్లతో ఉన్నాయి. మూడో రకం విల్లులా వంగి పోయే గీత. ఈ గీతలు బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడే, సుమారు మూడో నెల నుంచి ఆరో నెల లోపల ఏర్పడిపోతాయి. తర్వాత వేలు పెరుగుతుంది గాని గీతల అమరిక మారదు. కవలపిల్లలకు కూడా అవి ఒకేలా ఉండవు. పైచర్మం అరిగినా, కొద్దిగా కాలినా, లోపలి చర్మం అచ్చు మళ్లీ అదే గీతల్ని పైకి తెస్తుంది. దెబ్బ లోపలిదాకా దిగితేనే మచ్చ మిగులుతుంది. అప్పుడు ఆ మచ్చే కొత్త గుర్తవుతుంది.

ఆ ఉబ్బెత్తు గీతల పొడుగునా చెమట రంధ్రాలు ఉంటాయి. చెమటలో దాదాపు అంతా నీరే. మిగిలిన కొంచెంలో ఉప్పు, యూరియా, అమైనో ఆమ్లాలు ఉంటాయి. వేలికొసల్లో నూనె గ్రంథులు లేవు. కానీ మనం రోజంతా మొహం తుడుచుకుంటాం, తల దువ్వుకుంటాం, ముక్కు రుద్దుకుంటాం. ఆ జిడ్డు వేళ్లకు అంటుతుంది. మన ఊళ్లో అయితే తలకు పెట్టుకున్న కొబ్బరినూనె కూడా కలుస్తుంది. ఇలా చెమటా జిడ్డూ పూసుకున్న గీతలు గాజుకో స్టీలుకో తగిలితే రబ్బరు స్టాంపు కాగితం మీద పడ్డట్టు ముద్ర పడుతుంది. సిరాకు రంగుంది కాబట్టి కనిపిస్తుంది, చెమటకు రంగు లేదు కాబట్టి కనిపించదు. అంతే తేడా.

పొడి చేసే పని ఇక్కడే. చాలా మెత్తటి పొడి రేణువులు ఆ తడికీ జిడ్డుకూ అంటుకుంటాయి, పక్కనున్న పొడి జాగాలో నిలబడవు. కుంచెతో మెల్లగా దులిపితే గీతల మీద పొడి మిగులుతుంది, సందుల్లోది రాలిపోతుంది. వంటింట్లో నూనె చెయ్యి తగిలిన డబ్బా మీద బియ్యప్పిండి ఎగిరి పడితే చేతి ఆకారం తెల్లగా తేలడం మన ఆడవాళ్లందరూ చూసిందే. సూత్రం అదే. పోలీసు పొడిలో రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి కంటికి కనిపించడానికి రంగు, రెండు గీతకు అంటుకోవడానికి గుగ్గిలం లాంటి బంకపదార్థం. నల్లపొడికి రంగు మసి నుంచి వస్తుంది, తెల్లపొడికి టైటానియం డయాక్సైడ్ లాంటి వాటి నుంచి. వెండి రంగు పొడి అల్యూమినియం రేకుల పొడి. తెల్ల గోడ మీద నల్లది, నల్ల బీరువా మీద తెల్లది లేదా వెండిది వాడతారు. సబ్బు డబ్బా, బిస్కెట్ ప్యాకెట్ లాంటి రంగురంగుల వస్తువుల మీద ఏ రంగు వేసినా గీత బొమ్మల్లో కలిసిపోతుంది. దానికి ప్రత్యేకమైన దీపం వేస్తే మెరిసే పొళ్లు ఉన్నాయి.

పని వరస కూడా తెలుసుకోవాలి. నిపుణుడు రాగానే పొడి చల్లడు. ముందు టార్చి లైటు ఏటవాలుగా వేసి చూస్తాడు. చాలా ముద్రలు ఆ వెలుగులోనే కనబడతాయి. కనబడిన దాన్ని పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీస్తాడు. తర్వాత కుంచె కొస మాత్రం పొడిలో ముంచి, విదిలించి, తేలిగ్గా ఆడిస్తాడు. పొడి ఎక్కువైతే సందులు నిండిపోయి ముద్ర మసిమరక అవుతుంది. గీతలు బయటపడటం మొదలయ్యాక అవి ఎటు పోతుంటే కుంచె కూడా అటే తిప్పాలి, అడ్డంగా రుద్దితే చెరిగిపోతాయి. తేలిన ముద్రను మళ్లీ ఫోటో తీసి, పారదర్శకమైన టేపు దాని మీద అంటించి, పొడితో సహా లేపి, ఒక కార్డు మీద అతికిస్తాడు. ఆ కార్డు మీద తేదీ, ఏ వస్తువు, ఏ వైపు, ఎవరు తీశారు అన్నీ రాస్తాడు. రేపు కోర్టులో నిలబడేది ఆ కార్డు. రాత సరిగా లేకపోతే ఎంత చక్కటి ముద్రయినా వృథా.

పొడి అన్నిచోట్లా పనిచేయదు. గాజు, స్టీలు, పెయింటు వేసిన ఇనుము, పాలిష్ చేసిన చెక్క, ప్లాస్టిక్, ఇలాంటి నున్నటి చోట్లే దాని సత్తా. కాగితం, గుడ్డ, చెక్కిన పచ్చి కొయ్య చెమటను లోపలికి పీల్చేసుకుంటాయి. కాగితానికి నిన్‌హైడ్రిన్ అనే మందు వాడతారు. అది చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి ఊదా రంగు తెస్తుంది. ఈ మందును 1910లో రూహెమాన్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టాడు. వేలిముద్రలకు పనికొస్తుందని 1954లో స్వీడన్ దేశంవాళ్లు చూపించారు. ఎండకు ముద్ర ఎండిపోతుంది. మన పంగుణి, చిత్తిర ఎండల్లో ఇనుప గేటు మీది ముద్ర, నీడలో బీరువా లోపలి ముద్ర ఒకేలా నిలవవు. కాబట్టి పొడి ఎంత త్వరగా పడితే అంత మంచిది.

పిల్లలకు చెప్పిన పని ఇది. కడిగి తుడిచిన స్టీలు గ్లాసు తీసుకోండి. బొటనవేలు ఒకసారి నుదుటికి రాసుకుని గ్లాసుకు గట్టిగా ఆనించండి. దాని మీద టాల్కం పౌడరు చిటికెడు చల్లి, మెత్తటి రంగుల కుంచెతో అతి మెల్లగా దులపండి. తెల్ల పింగాణీ కప్పయితే పెన్సిల్ ములుకు గీకిన పొడి వాడండి. తేలినదాని మీద సెలోటేపు వేసి లేపి, తెల్లపొడిని నల్ల కాగితం మీద, నల్లపొడిని తెల్ల కాగితం మీద అతికించండి. ఇంట్లో నలుగురివీ తీసి పక్కపక్కన పెట్టి చూస్తే తాతకూ మనవడికీ గీతల్లో తేడా తెలుస్తుంది.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. వేలి గీతల్లో రకాలున్నాయని 1823లోనే పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త తొమ్మిది తరగతులుగా విడదీసి రాశాడు. కానీ వాటిని మనిషి గుర్తుగా పనిలో పెట్టింది మన దేశంలో. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డుకు కంకర తోలే ఒప్పందం మీద రాజ్యధర్ కొనాయ్ అనే కంట్రాక్టరు చేత అరచేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు సంతకం నాది కాదు అనకుండా భయం పెట్టడమే అతని మొదటి ఆలోచన. 1877లో హుగ్లీలో మెజిస్ట్రేటుగా ఉన్నప్పుడు పింఛన్లకు, దస్తావేజులకు, జైలు ఖైదీలకు వేలిముద్ర పద్ధతి పెట్టాడు. మన తాతల దస్తావేజుల చివర ఉండే ఎడమ బొటనవేలి గుర్తుకు, మనం కైనాటు అంటామే దానికి, మూలం ఆ దారిలోనే ఉంది.

నేరం జరిగిన చోట దొరికిన ముద్రతో మనిషిని గుర్తించవచ్చని అచ్చులో చెప్పినవాడు హెన్రీ ఫాల్డ్స్. జపానులో టోక్యోలో ఆసుపత్రి నడిపిన స్కాట్లండ్ డాక్టరు. 1880లో నేచర్ పత్రికకు రాసిన ఉత్తరంలో తను చూసిన రెండు సంగతులు చెప్పాడు. ఒకదానిలో గాజు పాత్ర మీది జిడ్డు ముద్రలు, అందులోని సారాయి ఎవరు తాగారో చెప్పాయి. రెండోదానిలో తెల్ల గోడ మీద మసి ముద్రలున్నాయి. అనుమానం పడిన మనిషి గీతలతో అవి కలవలేదు, అతను నిర్దోషి అనడానికి అవి అక్కరకొచ్చాయి. గమనించండి, ఆ రెండో కథలో మసి అనే పొడి మొదట చేసిన పని ఒక అమాయకుణ్ణి కాపాడటం.

1892లో అర్జెంటీనాలో జరిగిందీ అలాంటిదే. ఫ్రాన్సిస్కా రోహాస్ అనే తల్లి తన ఇద్దరు పిల్లల్ని చంపి, నేరం పక్కింటివాడి మీద వేసింది. పోలీసులు అతన్ని పట్టుకుని హింసించారు. తలుపు మీద నెత్తుటి బొటనవేలి ముద్ర ఆమెదని తేలాకే అతను బయటపడ్డాడు. వేలిముద్ర లేకపోతే అతని గతి ఏమయ్యేదో ఊహించుకోండి.

ముద్ర దొరికితే చాలదు. దాన్ని దేనితో పోల్చాలి? వేలకు వేల కార్డులుంటే అందులో ఒకటి ఎలా వెతకాలి? ఈ చిక్కుముడి విప్పినవాళ్లు మన దేశస్థులిద్దరు. కాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. బెంగాల్ పోలీసులో ఎడ్వర్డ్ హెన్రీ కింద పనిచేసిన సబ్ ఇన్‌స్పెక్టర్లు. పది వేళ్లలో ఏ వేళ్ల మీద సుడి ఉందో చూసి, ఒక లెక్క కట్టి, 32 వరసలు, 32 అరలు మొత్తం 1024 గూళ్లలో కార్డులన్నీ సర్దే పద్ధతి హక్ తయారుచేశాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైంది. ప్రపంచంలో ఇలాంటి వాటిలో ఇది మొదటిదిగా పేరు. పద్ధతికి మాత్రం హెన్రీ పద్ధతి అని పేరు పడింది. పని చేసినవాళ్లకు బిరుదులు, కొంత బహుమానం చాలా ఏళ్ల తర్వాత వచ్చాయి. ఇలాంటి కథలు మనకు కొత్తకాదు.

1898లో జల్‌పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరును చంపి డబ్బు ఎత్తుకెళ్లారు. గదిలో ఒక బెంగాలీ పంచాంగం అట్ట మీద గోధుమ రంగు మరకలు రెండు దొరికాయి. బ్యూరోలో ఉన్న పాత ముద్రలతో పోలిస్తే అది అంతకుముందు దొంగతనంలో శిక్షపడిన మనిషి బొటనవేలు. కోర్టు ఏం చేసిందో చూడండి. దొంగతనం నేరానికి శిక్ష వేసింది, హత్య నేరానికి వేయలేదు. ముద్ర అతను ఆ పంచాంగాన్ని తాకాడని చెబుతుంది, చంపాడని చెప్పదు అని ఆనాడే గుర్తించారు. 1899లో మన సాక్ష్యచట్టంలో వేలిముద్రల నిపుణుల అభిప్రాయానికి చోటిచ్చారు. 1901లో హెన్రీ లండన్ వెళ్లి స్కాట్లండ్ యార్డులో బ్యూరో పెట్టాడు. 1905లో డెట్‌ఫర్డ్ అనే చోట దుకాణం నడిపే ముసలి దంపతుల్ని చంపిన కేసులో, డబ్బుపెట్టె లోపలి పళ్లెం మీద దొరికిన చెమట ముద్రతో స్ట్రాటన్ అన్నదమ్ములకు ఉరిశిక్ష పడింది. బెంగాలులో కట్టిన లెక్క లండనులో మనుషుల ప్రాణం తీసేంత బరువు తెచ్చుకుంది.

పొళ్ల సంగతి కూడా ఈ కాలంలోనే ముదిరింది. మొదట్లో మసి, గ్రాఫైట్, సీసపు తెలుపు, ఏది దొరికితే అది వాడారు. ఇంగ్లండులో చాలాకాలం వాడింది బూడిదపొడి. సుద్దలో పాదరసం కలిపి నూరింది. ముద్ర అందంగా తేలేది, కానీ రోజూ పీల్చిన పోలీసుల ఒంట్లో పాదరసం చేరింది. 1949లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఆ పోలీసుల చేతుల వణుకు గురించి, పాదరసం విషం గురించి రాశారు. తర్వాత అల్యూమినియం లాంటివి వచ్చాయి. 1961లో అమెరికాలో మెక్‌డోనెల్ అనే ఆయన అయస్కాంతం కుంచె తెచ్చాడు. దానికి వెంట్రుకలే ఉండవు. ఇనుప రజను కలిపిన పొడి అయస్కాంతం కొసకు కుచ్చులా వేలాడుతుంది, ఆ కుచ్చు మాత్రమే ముద్రకు తగులుతుంది, మిగిలిన పొడిని అయస్కాంతమే వెనక్కి లాగేస్తుంది. 1970ల చివర జపాను పోలీసులు సూపర్ గ్లూ ఆవిరి కనిపెట్టారు. మూసిన పెట్టెలో గ్లూ వేడిచేస్తే ఆవిరి వెళ్లి గీతల మీద తెల్లగా గట్టిపడుతుంది. దాని మీద పొడి వేస్తే ఇక చెరగదు. ఇప్పుడు ఒకే కుంచె ఇంటింటికీ తిప్పితే ఒక చోటి డీఎన్‌ఏ ఇంకో చోటికి అంటుతుందని, ఒక్కసారి వాడి పారేసే కుంచెలు కూడా వచ్చాయి.

ఇంతవరకు పొడి కథ. ఇప్పుడు పుస్తకం కథ. ఇది చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

బీరువా మీద తేలిన ముద్రకు నోరు లేదు. బ్యూరోలో దాచిన ముద్రలతో కలిస్తేనే అది ఒక పేరు పలుకుతుంది. మరి ఆ బ్యూరోలో ఎవరి ముద్రలు దాచారు? శిక్షపడినవాళ్లవి, సరే. వాళ్లతో పాటు, ఏ నేరమూ చేయని వేలమందివి కూడా ఉన్నాయి. వాళ్లు చేసిన తప్పు ఒక కులంలో పుట్టడమే.

1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఒక కులాన్ని నేరస్థ జాతి అని ప్రకటిస్తే, అందులోని మగవాళ్లు పోలీసు పుస్తకంలో పేరు రాయించుకోవాలి, అడిగినప్పుడల్లా వేలిముద్ర ఇవ్వాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. చాలాచోట్ల రాత్రుళ్లు స్టేషనుకు వెళ్లి పడుకోవాల్సి వచ్చేది. మన పక్క తమిళులు దీన్ని కైరేగై చట్టం అనే అంటారు, అంటే చేతిగీతల చట్టం. చట్టం అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, వేలికి పూసిన సిరా గుర్తుంది.

తెలుగునాట ఎరుకలవాళ్లను ఈ చట్టం కింద పెట్టారు. వాళ్లను ఒక చోట కట్టడి చేయడానికి గుంటూరు జిల్లాలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఒక సెటిల్‌మెంటు పెట్టి, మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. అదే స్టూవర్టుపురం. ఆ ఊరి పేరు చెబితే ఇవాళ్టికీ తెలుగువాళ్లు దొంగల ఊరు అంటారు. ఊరికి ఆ పేరు తెచ్చింది అక్కడివాళ్లు కాదు, వాళ్లందరినీ ముందే దొంగలని రాసిపెట్టిన పుస్తకం.

మన వైపు చూస్తే, రాజపాళయానికి ఉత్తరాన మధురై జిల్లా ఉసిలంపట్టి దగ్గర పెరుంగామనల్లూరు ఉంది. పిరమలై కళ్లర్లను ఈ చట్టం కింద చేర్చి, ముద్రలు తీసుకోవడానికి పోలీసులు వెళ్తే ఊరు ఒప్పుకోలేదు. మేము సేద్యం చేసుకునేవాళ్లం, మా వేళ్లెందుకు ఇవ్వాలి అన్నారు. 1920 ఏప్రిల్ 3న పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేనుమందికి పైగా చనిపోయారు. వాళ్లలో మాయక్కాళ్ అనే ఆడమనిషి ఉంది. ఆ కుటుంబాల తరఫున నిలబడ్డ లాయరు జార్జ్ జోసెఫ్‌ను అక్కడివాళ్లు రోసాప్పూ దొర అని ప్రేమగా పిలుచుకున్నారు. రామనాథపురం జిల్లాలో మరవర్లలో కొందరి మీద కూడా ఈ చట్టం పెట్టారు. ముత్తురామలింగ తేవర్ దాని మీద ఊరూరా తిరిగి పోరాడారు. మన రాజపాళయం, చోళపురం ఆనాడు ఆ రామనాథపురం జిల్లాలోనివే. అంటే ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. మన తాతలు సంతకు వెళ్లిన దారిలో, వాళ్లతో పాటు ఎడ్లు కొన్న మనుషుల వేళ్లకు పూసిన సిరా ఇది.

ఈ చట్టం పోవడంలో తెలుగువాళ్ల చెయ్యి ఉందని చెప్పుకోవడం మనకు గర్వం. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం, ఎరుకల కోసం జీవితమంతా పనిచేసి దీని రద్దు కోరారు. ఓమందూరు రామస్వామి రెడ్డియార్ గారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండగా 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం రద్దయింది. 1949లో కేంద్రం వేసిన విచారణ సంఘానికి అధ్యక్షుడు తిరుపతి వైపు మనిషి, తర్వాత లోక్‌సభ స్పీకరైన అనంతశయనం అయ్యంగార్ గారు. ఆ సంఘం దేశమంతటా రద్దు చేయమని చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త జాతుల వాళ్లు తమ స్వాతంత్ర్య దినంగా చేసుకుంటారు. మనకు స్వతంత్రం వచ్చిన అయిదేళ్ల తర్వాత వాళ్లకు వచ్చింది.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. మన వీధిలో దొంగతనం జరిగితే పొడి పట్టుకుని మనిషి రాకముందే మనం ఏం చేస్తాం? ఫలానా కులంవాళ్లే చేసి ఉంటారు అంటాం. ఊరి బయట గుడారం వేసుకున్నవాళ్ల పేరు చెబుతాం. ఆ గుడారాల్లో తెలుగు మాట్లాడే జోగులు, దొమ్మరులు కూడా ఉంటారు, మన భాషే వాళ్లదీ. ఢిల్లీలో 1952లో రద్దయిన చట్టం మన అరుగుల మీద ఇంకా నడుస్తోంది. సంఘం అంటే మన కులంవాళ్ల పెళ్లిళ్లు, చదువుల సాయం మాత్రమే కాదు, మన నోటి వెంట ఏ మాట రావాలి అన్నది కూడా మనం కూర్చుని తేల్చుకోవాలి.

పొడి అయితే కులం చూడదు. అందుకే దానికి విలువ. కానీ పొడి తప్పు చేయకపోయినా చదివే మనిషి తప్పు చేయవచ్చు. 2004లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు పేలాయి. ఒక ప్లాస్టిక్ సంచి మీద దొరికిన ముద్ర అమెరికాలో ఉన్న బ్రాండన్ మేఫీల్డ్ అనే లాయరుదని ఎఫ్‌బీఐ నిపుణులు చెప్పారు. ఆయన్ను జైల్లో పెట్టారు. రెండు వారాలకు స్పెయిన్ పోలీసులు అది వేరే మనిషిదని తేల్చారు. అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి 20 లక్షల డాలర్లు ఇచ్చింది. మేఫీల్డ్ ఇస్లాం మతం పుచ్చుకున్నవాడు. తప్పు బయటపడటానికి ఆలస్యం కావడంలో ఆయన మతం పాత్ర కూడా ఉండి ఉండవచ్చని ఆ దేశపు విచారణలోనే రాశారు. అంటే ముందే మనసులో ఒకడి మీద అనుమానం ఉంటే, గీతలు కూడా వాడివిలాగే కనబడతాయి.

ఇంకో సంగతి. ముద్ర ఎప్పుడు పడిందో పొడి చెప్పదు. మీ ఇంట్లో పనిచేసే ఆమె ముద్ర బీరువా మీద ఉంటుంది, ఎందుకంటే రోజూ తుడిచేది ఆమే. మీ ముద్రా ఉంటుంది. ఇంటివాళ్ల ముద్రలు కూడా తీసుకుంటామని పోలీసులు అడిగితే చిన్నబుచ్చుకోకండి. మీవి పక్కన పెడితేనే కొత్తది ఏదో తెలుస్తుంది. అలాగే పనిమనిషి ముద్ర దొరికిందని వీధిలో చాటింపు వేయకండి.

దొంగతనం జరిగిందని తెలిస్తే ఈ కొద్దిపాటి జాగ్రత్త చాలు. లోపలికి అందరూ దూరకండి. బీరువా, డ్రాయరు, పగిలిన గాజు, దొంగ వాడిన గడపార, తాగి పడేసిన నీళ్ల సీసా, ఏదీ ముట్టకండి, సర్దకండి, తుడవకండి. చుట్టాలొచ్చి ఓదారుస్తూ తలుపు పట్టుకుని నిలబడతారు, వాళ్లను వసారాలో కూర్చోబెట్టండి. వానకు తడిసే వస్తువు ఉంటే అంచులు పట్టుకుని నీడకు మార్చి, మార్చామని పోలీసులకు చెప్పండి.

చివరగా మన పెద్దవాళ్ల వేళ్ల గురించి. మిల్లుల్లో, సున్నం బట్టీల్లో, చేలల్లో యాభై ఏళ్లు పనిచేసిన వేళ్లకు గీతలు అరిగిపోతాయి. రేషన్ దుకాణంలో మిషను మీద వేలు పెడితే తీసుకోదు. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, ఆ పెద్దాయన ఏదో తప్పు చేసినవాడిలా వేలు చీరకో పంచెకో తుడుచుకుంటాడు. అది ఆయన తప్పు కాదు, ఆయన పని చేసిన గుర్తు. అలాంటి పెద్దవాళ్లకు తోడు వెళ్లడానికి మన యువకులు వారానికి ఒకరు ముందుకొస్తే బాగుంటుంది. వేరే వేలితో ప్రయత్నించమనడం, చెయ్యి కడిగి కాస్త తడి చేసుకోమనడం, అయినా కుదరకపోతే వేరే ఏర్పాటు ఏముందో అడగడం, ఇవి చిన్న పనులే గాని పెద్దవాళ్లకు పెద్ద ఊరట.

మీ ఇళ్లలో పాత పెట్టెల్లో కైనాటు వేసిన దస్తావేజులు ఉంటే ఒకసారి బయటికి తీయండి. సంతకం రాని ముత్తవ్వ ఫోటో కూడా లేకపోవచ్చు, ఆమె బొటనవేలు మాత్రం ఆ కాగితం మీద నిలిచి ఉంటుంది. పక్కన ఎవరిదో చేతిరాత ఉంటుంది, ఇది ఫలానా ఆమె ముద్ర అని. దాన్ని బూజు పట్టకుండా దాచి, ఫోటో తీసి, పేరూ ఊరూ రాసి సంఘానికి పంపండి. పొలం నంబర్లు, ధరలు కనబడకుండా మూసి, ముద్ర, పేరు వరకే పంపితే చాలు. వచ్చే దీపావళి లోపల అన్నీ ఒక పుస్తకంగా కుట్టి మన సంఘం భవనంలో పెడదాం. వేలిముద్రల పుస్తకం అంటే మనుషుల్ని కట్టడి చేసేది మాత్రమే కాదని, మనుషుల్ని గుర్తుపెట్టుకునేది కూడా ఉంటుందని మన పిల్లలు చూడాలి.

 తప్పులుంటే పెద్దలు దిద్దండి, తెలిసింది కలపండి.